కచిడి వీర్యం దాచితే జాతి నిలుస్తుందా?

పరిశోధక విద్యార్థిని (ఎచ్చెర్ల):
మన రేవుల్లో మగ కచిడి చేప పడితే ఊరంతా చూడటానికి వస్తుంది. వేలంపాట లక్షల్లోకి వెళ్తుంది, మర్నాడు పేపర్లో ఫొటో కూడా వస్తుంది. ఆ ధరంతా చేప నీటిలో తేలడానికి తోడ్పడే గాలితిత్తిది. దాని కిందే ఉన్న వృషణాలను ఎవరూ పట్టించుకోరు, చేప వ్యర్థాలతో పాటే పోతాయి.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో కచిడి ముప్పుకు చేరువలో ఉన్న వర్గంలో ఉంది. అదే కుటుంబానికి చెందిన చైనా బహాబా ఇప్పటికే తీవ్రంగా అంతరించే దశకు చేరింది. మెక్సికో టొటోబా కూడా గాలితిత్తి వ్యాపారం వల్లనే చితికిపోయింది. అందుకే రేవులోనే వీర్యం సేకరించి, నాణ్యత పరీక్షించి, మంచిదాన్ని ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద దాచాలంటాను. 1953లోనే బ్లాక్స్‌టర్ అనే శాస్త్రవేత్త హెర్రింగ్ చేప వీర్యాన్ని గడ్డకట్టించి, వసంతంలో గుడ్లు పెట్టే గుంపును శరత్తులో పెట్టే గుంపుతో కలిపి చూపించాడు. మనం ఇంకా ఎందుకు మొదలుపెట్టలేదు? అభ్యంతరాలుంటే చెప్పండి.

వీరావల్ పడవ:
అభ్యంతరం ఒక్కటే తల్లీ. మగ కచిడి మీద మిమ్మల్ని చెయ్యి వెయ్యనిచ్చేదెవరు? గాలితిత్తికి చిన్న గాటు పడినా ధర సగానికి దిగుతుందని సావుకారు భయం. నేను గుజరాత్ పడవల్లో పనిచేశాను. అక్కడ దీన్ని ఘోల్ అంటారు, 2023లో రాష్ట్ర చేపగా కూడా ప్రకటించారు. అక్కడైనా, మన బుడగట్లపాలెంలోనైనా, అంత ధర పలికే చేపను కొన్నవాడు తన కళ్ల ముందు నుంచి కదలనివ్వడు.

హేచరీ మనిషి (భోగాపురం వైపు):
గాటు సంగతి తర్వాత చూద్దాం. నాణ్యత పరీక్షిస్తామని అంత తేలిగ్గా రాశారు గానీ, అసలు చిక్కు అక్కడే ఉంది.

సముద్రపు చేప కడుపులో ఉన్నంతసేపు శుక్రకణాలు కదలవు. శరీర ద్రవంలో లవణాల గాఢత సముద్రపు నీటిలో దాదాపు మూడో వంతే ఉంటుంది. ఉప్పునీరు తగలగానే ఒక్కసారిగా ఈదడం మొదలుపెడతాయి. చాలా జాతుల్లో ఆ ఊపు ఒకటి రెండు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. చుక్క వేసి, పైన గాజుపలక పెట్టి, సూక్ష్మదర్శిని సరిచేసుకునేలోపు చూడాల్సినదంతా అయిపోతుంది. అందుకే ముందు కదలిక రానివ్వని ద్రావణంలో పలచన చేసుకుని, స్లయిడు మీద దృష్టి కుదిరాక, అప్పుడు సముద్రపు నీరు కలుపుతారు.

ఇంకో తంటా, శుక్రకణాలు గాజుకు అతుక్కుంటాయి. అల్బుమిన్ అనే ప్రోటీన్ కలిపిన నీరు వాడకపోతే బతికున్నవి కూడా నిశ్చలంగా కనిపిస్తాయి. పొట్ట నొక్కేటప్పుడు రెండు చుక్కల మూత్రం కలిస్తే ఆ నమూనా అంతటితో సరి. కాబట్టి "కదలిక 80 శాతం" అని ఎవరైనా రాస్తే నా మొదటి ప్రశ్న, నీరు కలిపిన ఎన్నో సెకనులో చూశారని. పదో సెకనులో లెక్కకూ యాభయ్యో సెకనులో లెక్కకూ పోలికే ఉండదు. శుక్రకణాల వేగాన్ని కంప్యూటర్ కొలిచి పెట్టినా ఈ సమస్య తీరదు. అది తనకు చూపించిన క్షణాన్నే కొలుస్తుంది.

వీరావల్ పడవ:
ఇందాక మరిచాను. వలలో చచ్చిపోయి, మంచులో గంటల తరబడి పడి ఉన్న చేపను మీరు రేవులో చూస్తారు. ఆ వీర్యం బాగాలేకపోతే చేపది తప్పా, మా మంచుదా?

పరిశోధక విద్యార్థిని (ఎచ్చెర్ల):
కోయమని నేను అనలేదు అన్నా. పొట్ట తుడిచి, నెమ్మదిగా నొక్కి, సన్నని గొట్టంతో తీసుకోవచ్చు. చచ్చిన చేప కాబట్టి కొత్తగా దానికి జరిగే హాని కూడా లేదు. వల లాగిన సమయం, మంచులో పెట్టిన సమయం రాసుకుంటే మంచు దోషాన్ని కొంతవరకు విడదీయవచ్చు.

తీరం మాస్టారు:
అమ్మా, మీ ఉత్సాహం నచ్చింది, కానీ దారి తప్పుగా కనిపిస్తోంది. గడ్డకట్టించగలిగేది మగవైపు భాగాన్ని మాత్రమే. చేప గుడ్లను, పిండాలను అలా గడ్డకట్టించి తిరిగి బతికించే పద్ధతి ఇంకా నమ్మదగినంతగా కుదరలేదు. గుడ్డులో సొన ఎక్కువ, పరిమాణం పెద్దది, గడ్డకట్టేటప్పుడు కణాన్ని కాపాడే రక్షక ద్రవం లోపలికి సరిగ్గా చేరదు. అంటే ఆ గడ్డకట్టించిన వీర్యం పనికి రావాలన్నా, పక్వానికి వచ్చిన బతికున్న ఆడ కచిడి చేతిలో ఉండాలి. అది కూడా వలలోనే పడుతోంది కదా?

కచిడి గుంపులుగా చేరి, గాలితిత్తి కండరాలతో చప్పుడు చేస్తుంది. వేటగాడికి కావాల్సింది ఆ గుంపే. ఆస్ట్రేలియాలో కేప్ యార్క్ దగ్గర ఇదే చేప గుంపుల మీద వేట పెరిగి పరిమాణం పడిపోతే, అక్కడి స్థానిక తెగల వాళ్లు తామే వేట ఆపుకున్నారు. మనకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం ఉంది. అది మరపడవలకు గానీ గుంపు కూడే చోటుకు కాదు. నా ఓటు ఆ చోటును వదిలేయడానికే. నత్రజని డబ్బాకు పెట్టే డబ్బు అక్కడ పెట్టండి.

హేచరీ మనిషి (భోగాపురం వైపు):
మాస్టారూ, రెండూ ఎందుకు కూడదు? చోటు వదిలేసినా అందులోని మగచేపలు ఎలా ఉన్నాయో తెలియాలి కదా. పెద్దవాటినే పట్టేసుకుంటూ పోతే మిగిలేవి చిన్న మగవి, వాటి వీర్యం ఎంత గట్టిదో మనకు లెక్క ఉండాలి.

ముందు కచిడి మీద మాత్రం చెయ్యి వేయకండి. పండుగప్ప మీద నేర్చుకోండి, గ్రూపర్ మీద కూడా. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) కేంద్రం గ్రూపర్‌ను ట్యాంకుల్లో గుడ్లు పెట్టించింది. అది మొదట ఆడది, పెద్దయ్యాక మగది అవుతుంది, అందువల్ల మగచేప దొరకడమే కష్టం. కాబట్టి గ్రూపర్‌తో పనిచేస్తే ఒక్క చుక్క వృథా కాకుండా చూడటం అలవాటవుతుంది. పరీక్షల్లో ఇయోసిన్, నిగ్రోసిన్ రంగులది చవక పని. పొర చెక్కుచెదరని కణం తెల్లగా ఉంటుంది, చచ్చింది గులాబీ రంగు పీల్చుకుంటుంది. సెకన్లతో పరుగు అక్కర్లేదు. కానీ పొర బాగున్నంత మాత్రాన ఈదుతుందని కాదు, ఈదినంత మాత్రాన గుడ్డులో దూరుతుందని కాదు. చివరికి తేల్చేది గుడ్డు ఫలదీకరణమే. దానికి మాస్టారి ఆడ కచిడి కావాల్సిందే, ఆ మాట మాత్రం కాదనలేను.

వీరావల్ పడవ:
మీరంతా చదువుకున్నవాళ్లు, తేల్చుకోండి. నావైపు నుంచి ఒక్క షరతు. నొక్కినా గొట్టం పెట్టినా గాలితిత్తి పాడైతే ఆ నష్టం ఎవరు కడతారో ముందు రాతపూర్వకంగా చెప్పండి. అది తేలితే రేవు దాకా ఎందుకు, వల లాగేటప్పుడే పడవ ఎక్కించుకుంటాం. మంచు తగలకముందే తీసుకోవచ్చు.