వేలాడే కుండీలో రాత్రి పూసే తీగలు: మీ అనుభవాలు చెప్పగలరు

వెన్నెలతీగ: వేలాడే కుండీలో మూన్‌ఫ్లవర్ విత్తనం వేసి 3 నెలలు దాటింది. కిందికి జాలువారుతుందని ఆశపడ్డాను గాని, అది గొలుసు పట్టుకొని పైకప్పు దాకా పాకి, ఇక ఆసరా దొరకక తనను తానే చుట్టుకుంటోంది. ఆకులు అరచేయంత ఉన్నాయి, మొగ్గ ఒక్కటీ లేదు. ఇలాంటి తీగలు పెంచినవారు సలహా ఇవ్వగలరు.

మట్టివాసన: ఎరువు ఏమి వేస్తున్నారు? నత్రజని ఎక్కువైతే ఈ తీగ బలమంతా ఆకులకే పెడుతుంది. పైగా పగటి నిడివి తగ్గేకొద్దీ విరివిగా పూసే మొక్క కాబట్టి, రాత్రంతా దీపం వెలుతురు పడితే పూత వెనకబడవచ్చు. వరండా బల్బు కింద ఉన్న మా కుండీని చీకటి మూలకు మార్చిన తరువాతే మొగ్గలు చూశాను. అప్పుడే ఎరువు కూడా ఆపాను కనుక, ఘనత దేనిదో గట్టిగా చెప్పలేను.

వెన్నెలతీగ: 15 రోజులకోసారి వేపపిండి వేస్తున్నానండీ. బల్బు కూడా కుండీకి మూరెడు దూరంలోనే ఉంది.

నిశిరాత్రి: పైకి పాకడమే స్వభావమైన తీగను కిందికి రమ్మనడం మన పొరపాటే. మనం బ్రహ్మకమలమని పిలుచుకునే కాక్టస్‌ను పెట్టి చూడండి (హిమాలయాల్లోని బ్రహ్మకమలం వేరే మొక్క). ఇది తీగ కాకపోయినా, అడవిలో చెట్ల కొమ్మలమీద పెరిగి కిందికి వాలుతుంది కనుక ఇటువంటి కుండీలో సుఖంగా ఉంటుంది. ఆకులా కనిపించేది నిజానికి చదునైన కాండం. మొగ్గ దాని అంచున పుడుతుంది. నీరు నిలవకుండా కొబ్బరిపీచు, బొగ్గుముక్కలు కలిపిన గుల్ల మట్టి వేయాలి. వేళ్లు కాస్త ఇరుకుగా ఉన్నప్పుడే బాగా పూస్తుంది, అందుచేత ఏటా కుండీ మార్చవద్దు. వేలాడే మొగ్గ మెడ వంచి తల పైకెత్తి ఉబ్బిందంటే పూసే రాత్రి దగ్గరపడినట్టే. ఆ రాత్రి నిద్ర మానుకోవాలి, తెల్లవారేసరికి పువ్వు వాడిపోతుంది.

పూలబుట్ట: మొగ్గ తొడిగాక మాత్రం కుండీని కదపకండి. వానకు తడుస్తోందని నేను ఇంట్లోకి తెస్తే 9 మొగ్గల్లో 7 రాలిపోయాయి.

కొక్కెంబాధితుడు: రాధామనోహరం జోలికి వెళ్లకండి. సాయంత్రం తెల్లగా విచ్చి, తరువాత గులాబీ, ఆపై ఎరుపు రంగుకు తిరిగే ఆ పూలంటే నాకూ ఇష్టమే. కాని అది మాను కట్టే తీగ. రెండో ఏట కొక్కెం స్లాబులోంచి ఊడి వచ్చింది.

మట్టివాసన: అలాగని మూన్‌ఫ్లవర్‌ను వదులుకోనక్కరలేదు. వెడల్పాటి కుండీలో ఒక్క తీగనే ఉంచి, గొలుసులకు చుట్టి, కొనలు తుంచుతూ ఉంటే గుబురుగా నిలుస్తుంది. నాలుగు వైపులా గాలి తగిలి మట్టి త్వరగా ఆరిపోతుంది కాబట్టి ఎండల్లో రెండు పూటలా నీరు పోయాలి.

వెన్నెలతీగ: వేపపిండి మానేసి, బల్బు తీసేసి 3 వారాలైంది. నిన్న ఆకుల మొదట్లో మెలితిరిగిన మొగ్గలు రెండు కనిపించాయి. రాత్రి టార్చి వేసి చూడవచ్చునా, అదీ తప్పేనా?

మట్టివాసన: ఒక్క నిమిషం చూస్తే ఏమీ కాదండీ.