బురుజు పక్క పొలంలో మెటల్ డిటెక్టర్ తిప్పాలంటే: ఏ రకం కొనాలి, ఎంత లోతు పడుతుంది, పర్మిషన్ ఎవరివ్వాలి?

ఎర్రనేల_రైతుబిడ్డ

పత్తికొండ వైపు ఒక పల్లె. ఊరి మధ్యలో పాత బురుజు. దానికి తూర్పున సుమారు 400 మీటర్ల దూరంలో మా మామ పట్టా పొలం, ఎర్రనేల. ఆ పొలంలో చింతచెట్టు కింద లంకెబిందెలు ఉన్నాయని ఊళ్లో తాతల నాటి మాట. గట్టు మీద ఒక నిలువు రాయి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద లింగం, ఆ కింద అరిగిపోయిన అక్షరాలు. అది నిధి గుర్తే అంటున్నారు.

బడ్జెట్ 30–35 వేలు. ఏ డిటెక్టర్ తీసుకోవాలి? నిజంగా ఎంత లోతు పడుతుంది? సొంత పొలమే కాబట్టి ఎవరినీ అడగనక్కర్లేదా? ఇంకోటి, తొలకరికి జొన్నగిరి పొలాల్లో వజ్రాల వేటకి కూడా ఇది పనికొస్తుందా?

కాయిల్_చప్పుడు

ముందు లోతు సంగతి. వీడియోల్లో "6 మీటర్లు" అని చూపించి అమ్మేవాళ్ల మాట పక్కన పెట్టండి. కాయిల్ (మెషీన్ కింది చివర ఉండే గుండ్రటి తీగచుట్ట) పంపే అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ దారుణంగా పడిపోతుంది. వస్తువు నుంచి తిరిగొచ్చేదీ అలాగే పడిపోతుంది. రెండు దెబ్బలూ కలిపితే, లోతు రెట్టింపైనప్పుడు సిగ్నల్ దాదాపు 64వ వంతుకి దిగిపోతుంది. 20 సెంటీమీటర్ల దగ్గర గట్టిగా కూసిన బిళ్ల 40 దగ్గర అసలు వినపడదు.

11 అంగుళాల కాయిల్ ఉన్న మామూలు వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే రకం) మెషీన్‌తో ఒంటి నాణెం 20–25 సెం.మీ., చెంబంత లోహం అర మీటరు, నిండు బిందె మీటరు అటూ ఇటూ. అంతే. ఇంకా లోతుకి కావాలంటే టూ-బాక్స్ రకం ఉంటుంది, కర్రకి ముందొక డబ్బా, వెనకొక డబ్బా. అది పెట్టెంత లోహాన్ని 2 మీటర్ల దాకా పట్టగలదు గానీ, విడి నాణేలు, ఉంగరాల మీదుగా వెళ్లినా నోరు మెదపదు. మట్టికుండ, సొరంగం, ఖాళీ గది ఏ డిటెక్టర్‌కీ కనపడవు, లోహం లేదు కాబట్టి. మీ బడ్జెట్‌కి ఎంట్రీ లెవెల్ వీఎల్ఎఫ్ వస్తుంది. కొనేటప్పుడు ఒక్కటే పట్టుబట్టండి: మాన్యువల్ గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల వల్ల వచ్చే చప్పుడుని మన చేత్తో సరిచేసుకునే వీలు, ఉండాలి. ఫ్యాక్టరీలో స్థిరంగా సెట్ చేసి పంపే మోడల్ మీ నేలలో పనికిరాదు.

ఎందుకంటే ఎర్రనేల ఎర్రగా ఉండేదే ఇనుప ఆక్సైడు వల్ల. మెషీన్ ఆ మట్టినే లోహం అనుకుని గోల చేస్తుంది. లోహం లేని చోటు చూసుకుని కాయిల్‌ని నేలకి 3 సెం.మీ. నుంచి 20 సెం.మీ. దాకా పైకీ కిందికీ ఆడించండి. కిందికి దించినప్పుడు చప్పుడు పెరిగినా, తగ్గినా బ్యాలెన్స్ కుదరలేదన్నట్టే, రెండు వైపులా ఒకేలా వినపడేదాకా సరిచేయాలి. పొలం దాటి చౌడు మీదికో నల్లరేగడి మీదికో వెళ్తే మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. ఎర్రనేలలో నల్లగా, చేతికి బరువుగా తగిలే డోలరైట్ గుండ్లు దొరుకుతాయి. అవి నాణెంలాగే కూస్తాయి. రాయిని పక్కకి తీసి దాన్నొక్కదాన్నే కాయిల్ ముందు ఊపితే మోసం బయటపడుతుంది.

ఊపడంలోనే సగం మంది తప్పు చేస్తారు. లోలకంలా ఊపితే రెండు చివర్లా కాయిల్ పైకి లేచిపోయి పట్టే లోతు 10 సెం.మీ. తగ్గిపోతుంది. నేలకి సమాంతరంగా, 2–3 సెం.మీ. ఎత్తులో, ప్రతి ఊపూ ముందు దాని మీద సగం పడేలా నడవండి. పక్కనే బోరు మోటారు నడుస్తున్నా, తలమీద 11 కేవీ లైను ఉన్నా ఊరికే చిటపటలాడుతుంది. మోటారు ఆపించండి, ఫోన్ దూరంగా పెట్టండి, అప్పటికీ తగ్గకపోతే సెన్సిటివిటీ తగ్గించండి.

ఇక దొరికేదేంటో ముందే చెప్తా: నాగలి కర్రు ముక్కలు, ఎద్దుల లాడాలు, బండి చక్రం పట్టా, బీరు మూతలు, మాత్రల రేకు. చిన్న బంగారు ఉంగరం, మాత్రల రేకు మెషీన్ తెర మీద దాదాపు ఒకే నంబరు చూపిస్తాయి. రేకుని డిస్క్రిమినేషన్‌లో (అక్కర్లేని లోహాలకి కూయకుండా చేసే సెట్టింగ్) తీసేస్తే బంగారమూ పోతుంది. పెద్ద ఇనుప పలకైతే మరీ ఘోరం, వెండి నంబరు చూపించి ఆశ పెడుతుంది. దాన్ని తేల్చుకోవాలంటే అదే చోట 90 డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి. నాణెమైతే నంబరు నిలుస్తుంది, ఇనుమైతే ఎగిరెగిరి పడుతుంది.

శాసనం_పిచ్చోడు

రాయి గురించి. పైన సూర్యచంద్రులు ఉంటే "ఆచంద్రార్కం" అని అర్థం. సూర్యుడూ చంద్రుడూ ఉన్నన్నాళ్లూ ఈ దానం చెల్లాలని. కింద లింగం ఉంటే ఆ భూమి శివాలయానికి ఇచ్చింది అయ్యుండాలి. బ్రాహ్మణులకిచ్చిన భూముల హద్దురాళ్ల మీద గొడుగు, కమండలం పట్టుకున్న వామనుడు కనిపిస్తాడు. అంటే అది పొలం రికార్డు, ఇప్పటి పాస్‌బుక్ లాంటిది. నిధికి దారి చూపించే మ్యాపు కాదు.

నిధికి కాపలా ఉందనే మాట పుట్టడంలో కూడా ఈ రాళ్ల పాత్ర ఉందని నా లెక్క. దానశాసనాల చివర శాపం రాస్తారు: ఈ భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడనీ, గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడనీ. చదవడం పోయాక శాపం ఉందన్న సంగతి మాత్రం మిగిలింది. ఆ మిగిలిన దాన్ని పట్టుకుని నందుల కిందా, వీరగల్లుల (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) కిందా గునపాలు దించేవాళ్లు తయారయ్యారు.

అక్షరాలు చదవాలంటే సున్నం, సుద్దముక్క, నూనె ఏదీ పూయొద్దు. మంచినీళ్లు పోసి మెత్తటి బ్రష్‌తో మట్టి వదిలించండి. చీకటి పడ్డాక టార్చ్‌ని రాయికి ఒక పక్కన, దాదాపు రాయికి ఆనించినంత దగ్గరగా పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి. పగలు కనపడని గీత నీడ పడి లేస్తుంది. ఆ ఫోటోలు మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి గానీ, రాష్ట్ర పురావస్తు శాఖకి గానీ పంపొచ్చు. తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీసే పని వాళ్లది, మీరు చేయకండి.

నిజంగా దొరికే "నిధి" ఎలా ఉంటుందో చూడాలంటే సూర్యాపేట జిల్లా ఫణిగిరి చూడండి. 2024లో తెలంగాణ పురావస్తు శాఖ తవ్వకంలో ఒక చిన్న కుండ దొరికింది: 16.7 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు. మూతి మీద పళ్లెం లాంటి పాత్ర బోర్లించి, లోపల పగిలిన గిన్నె అడుగుతో మూసి పెట్టారు. అందులో 3,730 సీసపు నాణేలు, సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గీతల చివర్లలో నాలుగు వృత్తాలు), ఇక్ష్వాకుల (శాతవాహనుల తర్వాత ఇక్కడ ఏలిన రాజవంశం) కాలానివి. లెక్కేస్తే ఎనిమిదిన్నర కిలోల సీసం. తూకానికి అమ్మితే ఏమొస్తుంది? కుండ ఏ పొరలో ఉంది, పక్కన ఏముంది అన్నది నమోదైంది కాబట్టే దానికి విలువ. అదే రాత్రిపూట గునపం వేసి తీసుంటే గుప్పెడు బూడిదరంగు బిళ్లలు.

మీ పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వారు. ఎముకలు, పాత ఇటుకలు వచ్చాయి. బంగారం రాలేదు. చుట్టుపక్కల రాక్షసగుళ్లు ఉంటే వాటి జోలికి అసలే వెళ్లొద్దు. అవి ఇనుపయుగపు సమాధులు. లోపల ఇనుప కత్తులు, గొడ్డళ్లు ఉంటాయి కాబట్టి డిటెక్టర్ తప్పకుండా కూస్తుంది. ఆ కూత విని బండలు పగలగొట్టేవాళ్లకి చివరికి మిగిలేది తుప్పు, నలుపు ఎరుపు పెంకులు.

దఫ్తరు_బంట్రోతు

"సొంత పొలమే కదా" అన్న దగ్గరే చిక్కంతా.

బురుజు కేంద్ర రక్షిత కట్టడమైతే దాని హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలవాల్సింది బురుజు గోడ నుంచి కాదు, రక్షిత స్థలం సరిహద్దు నుంచి. మీ 400 మీటర్లు ఎక్కడి నుంచి కొలిచారో చూసుకోండి. కేంద్రం జాబితాలో లేకపోయినా రాష్ట్రం జాబితాలో ఉండొచ్చు, 1960 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉంది. గుత్తి, గండికోట, గోల్కొండ లాంటి చోట్ల డిటెక్టర్‌తో లోపలికి అడుగు పెట్టడమే కేసుని పిలవడం. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద 2 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. రక్షిత ప్రాంతం కాని చోట కూడా పురావస్తు తవ్వకానికి రాష్ట్ర ప్రభుత్వం తనంతట తాను ఎవరికీ అనుమతి ఇవ్వలేదు, కేంద్రం ఒప్పుకోవాలి. కాబట్టి పోయిన ఉంగరం వెతకడం వేరు, పాటిదిబ్బ (పాత ఊరు ఉండి పాడుబడిన దిబ్బ) మీద గుంతలు తీయడం వేరు.

సాళ్లు దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో దానంతట అది బయటపడితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. 10 రూపాయలు దాటిన ఏ నిధైనా కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి: ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు. సొత్తు ట్రెజరీలో జమ చేయాలి, లేదా పూచీకత్తు ఇవ్వాలి. కలెక్టర్ నోటిఫికేషన్ ఇచ్చాక హక్కుదారులు హాజరవ్వడానికి 4 నెలలకి తగ్గకుండా, 6 నెలలు మించకుండా తేదీ వేస్తారు. ఎవరిదీ కాదని తేలితే, వేరే ఒప్పందం లేకపోతే, దొరికిన మనిషికి ముప్పావు, స్థలం యజమానికి పావు. ప్రభుత్వమే ఉంచుకోవాలనుకుంటే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. దాచితే ఏడాది దాకా జైలు, పైగా వాటా గల్లంతు. స్థలం యజమాని సహకరిస్తే అతనికీ 6 నెలల దాకా. అంటే మామ కూడా ఇరుక్కుంటాడు.

2021లో జనగామ జిల్లా పెంబర్తిలో వెంచర్ చదును చేస్తుంటే రాగి బిందె బయటపడింది. సుమారు 190 గ్రాముల బంగారం, 1.7 కిలోల వెండి. అది అధికారుల చేతికి వెళ్లింది. ముందు తహశీల్దారుకి చెప్పి పంచనామా రాయించుకుని, వస్తువుల లెక్కతో రసీదు తీసుకోండి. నోటిమాటతో అప్పగించొద్దు.

ఎర్రనేల_రైతుబిడ్డ

థ్యాంక్స్ అందరికీ. ఒకాయన రాగి తీగలున్న "లాంగ్ రేంజ్" మెషీన్ తెస్తానంటున్నాడు. 500 మీటర్ల దూరం నుంచే బంగారం దిక్కు చూపిస్తుందట, రోజుకి ఇంతని అద్దె. మరి అది?

కాయిల్_చప్పుడు

వద్దు తమ్ముడూ. పిడిలో తిరిగే తీగ మణికట్టు కొంచెం వంగినా తిరుగుతుంది, పట్టుకున్నవాడి మనసు ఎటుంటే అటు. ఏడీఈ 651 అని ఇలాంటి కర్రనే బాంబులు పట్టే మెషీన్ అని ఇరాక్‌కి అమ్మారు. అమ్మినవాడికి 2013లో ఇంగ్లండ్ కోర్టు 10 ఏళ్ల జైలు వేసింది. దాని మూలం గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మ. అద్దె అడిగేవాణ్ణి ఒక్క పరీక్ష పెట్టండి: పది అట్టపెట్టెలు, ఒకదాంట్లో బంగారు గాజు, ఏ పెట్టెలో ఉందో అతనికే కాదు, పక్కన నిలబడ్డవాళ్లకీ తెలియకూడదు. 10 సార్లు మార్చి మార్చి పెట్టండి. గుడ్డిగా చెప్పినా ఒకసారి తగులుతుంది, అంతకుమించి ఎన్నిసార్లు చెప్తాడో లెక్క రాయండి. అంజనం వేసేవాళ్లకీ, రైస్ పుల్లింగ్ బ్యాచ్‌కీ (బియ్యాన్ని లాగే మహిమగల పాత్ర అని మోసం చేసేవాళ్లకి) ఇదే మందు.

వజ్రాలకి డిటెక్టర్ దండగ. వజ్రం శుద్ధ కార్బన్, కరెంటు పారదు, కాయిల్‌కి గాలితో సమానం. జొన్నగిరి, వజ్రకరూరు వైపు వాన వెలిశాక కడిగిన నేల మీద ఎండ ఏటవాలుగా పడేటప్పుడు కళ్లతో వెతకడమే.

శాసనం_పిచ్చోడు

ఒకటి మర్చిపోయా. నాణెం ఏదైనా బయటపడితే చింతపండు పెట్టి తోమొద్దు. పైన పట్టిన ఆకుపచ్చ పొరలోనే అక్షరాలు నిలిచి ఉంటాయి, పులుపు తగిలితే పొరతో పాటే పోతాయి. తెల్లటి పొడి రాలుతుంటే అది సీసం. ఊదొద్దు, ఒట్టిచేత్తో పట్టుకోవద్దు. పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీసి, నేల పైనుంచి ఎన్ని సెంటీమీటర్ల లోతో రాసుకుని, గుంతని అలాగే వదిలేసి తహశీల్దారుకి ఫోన్ చేయండి.