పనిలో మార్పు తెచ్చే ముందు పనివాళ్లను అడగాలా? కర్ట్ లెవిన్ మాట మన మిల్లులకు పనికొస్తుందా?

మిల్లు మనిషి (మిర్యాలగూడ):
మా దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో కన్వేయరూ, బస్తా తూచి కుట్టే యంత్రమూ పెట్టారు. యజమాని హమాలీలను పిలిచి, ఇక నుంచి బస్తా రేటు తగ్గుతుందని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి పని మందగించింది, రోజూ గొడవే. కొందరు వేరే మిల్లులకు పోయారు. ‘ముందే అడిగితే యంత్రం గేటు కూడా దాటేది కాదు’ అని యజమాని అంటున్నారు. నేను ఒప్పుకోను. పనివాళ్లను కలుపుకుంటేనే మార్పు నిలుస్తుందన్న కర్ట్ లెవిన్ మాటే నా మాట.

కర్ట్ లెవిన్ 1890లో అప్పటి ప్రష్యాలో పుట్టిన యూదు మనస్తత్వ శాస్త్రవేత్త. హిట్లర్ అధికారంలోకి రావడంతో 1933లో అమెరికా వెళ్లిపోయారు. అక్కడ వర్జీనియా రాష్ట్రంలోని హార్వుడ్ పైజామాల కర్మాగారంతో కలిసి పనిచేశారు. ఆయన 1947లో చనిపోయారు. మరుసటి ఏడాది కోచ్, ఫ్రెంచ్ అనే ఇద్దరు ఆ కర్మాగారంలో జరిగిన ప్రయోగాన్ని ప్రచురించారు. ఇస్త్రీ చేసే ఒక బృందం అప్పటిదాకా పైజామాలను అరడజను చొప్పున అట్టముక్క మీద పేర్చేది. ఇకపై పెట్టెలో పేర్చాలి, దాన్ని బట్టి రేటు కూడా మారుతుంది అని వాళ్లకు చెప్పి వదిలేశారు. గంటకు 60 యూనిట్ల దగ్గర ఉండే పని 50కి పడి అక్కడే ఆగింది. 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. ఇలాంటి మార్పులే వచ్చిన మరో రెండు బృందాల్లో అందరినీ కూర్చోబెట్టి, కొత్త పద్ధతినీ రేటునూ వాళ్లతో కలిసి తేల్చారు. ఆ బృందాలు త్వరగా కోలుకుని పాత స్థాయిని 14 శాతం దాటాయి, ఒక్కరూ మానలేదు. పెట్టెలో పేర్చడానికే అంత గొడవైతే, కూలి రేటు తెగిన హమాలీ ఊరుకుంటాడా?

పాలమూరు కార్మికుడు:
అన్నా, లెక్కలు సరే. కానీ వాళ్లను ఏం అడిగారో కూడా చూడాలి. మార్పు వద్దనే హక్కు ఆ పనివాళ్లకు ఇచ్చారా? మార్చాలని కంపెనీ ముందే తేల్చేసింది. ఎలా మార్చాలన్నది మాత్రమే వాళ్ల ముందు పెట్టింది. చివరికి ఎక్కువ పని చేయించుకున్నది కంపెనీయే. తర్వాత నార్వేలో చెప్పుల కర్మాగారంలో ఇదే ప్రయోగం చేస్తే ఉత్పత్తిలో తేడా రాలేదు, ఆ ఫలితం 1960లో అచ్చయింది. అక్కడి కార్మికులకు బలమైన యూనియన్లున్నాయి. తమ తరఫున ఎవరు మాట్లాడాలో వాళ్లకు ముందే తెలుసు. మన జిల్లాల నుంచి బొంబాయి, పుణె మేస్త్రీల కింద వలస పోయిన వాళ్లను చూశాను. సంఘం లేనివాడిని పిలిచి కుర్చీ వేస్తే, వాడు తలూపి వస్తాడు.

చిటికి కట్టే చెయ్యి (పోచంపల్లి):
ఇద్దరూ మార్పు పైనుంచే వస్తుందని అనుకుంటున్నారు. మా ఆసు సంగతి చూడండి, అంటే ఇక్కత్ నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టే పని. ఒక్క చీరకు నూలు ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం పట్టేసేది, పని ఆడవాళ్లదే. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు అమ్మ అవస్థ చూడలేక ఆసు యంత్రం తయారు చేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాకు తెలిసిన ఇళ్లలో దాన్ని వద్దన్నవాళ్లు లేరు. అదే మేము, పవర్‌లూమ్ గుడ్డ మీద అచ్చువేసిన నకిలీ ఇక్కత్‌ను ఇప్పటికీ ఎదిరిస్తున్నాం, ఎదిరిస్తూనే ఉంటాం. మార్పును ఎదిరించేవాడికి ఏదో జబ్బు ఉన్నట్లు మాట్లాడే మేనేజర్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆసు యంత్రం నొప్పి తీసింది, నకిలీ ఇక్కత్ అన్నం తీసింది. ఆ తేడా నేతగాడికి ఒకరు చెప్పాలా?

మిల్లు మనిషి:
మీరన్నది లెవిన్‌కు చాలా దగ్గర. మార్పును ముందుకు నెట్టే బలాలు కొన్ని, ఆపే బలాలు కొన్ని ఉంటాయన్నారాయన. నెట్టుడు పెంచితే ఉద్రిక్తత పెరుగుతుంది, కాబట్టి ఆపేది ఏమిటో కనిపెట్టి దాన్ని తగ్గించమన్నారు. మా మిల్లులో ఆపుతున్నది యంత్రం మీద భయం కాదు. బస్తా రేటు. అది యజమానికి తప్ప అందరికీ తెలుసు.

పాలమూరు తమ్ముడూ, అహ్మదాబాద్ సంగతి కూడా విను. 1953 నాటికి అక్కడి కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు వచ్చినా పని పుంజుకోలేదు. పనిచోట మనుషుల తీరును పరిశోధించే లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి వచ్చిన ఎ.కె. రైస్, కార్మికులు చిన్న జట్లుగా ఏర్పడి కొన్ని మగ్గాల బాధ్యత పూర్తిగా తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. కార్మికులు, సూపర్‌వైజర్లు ఆ ఆలోచనను అందిపుచ్చుకుని జట్లను తామే కూర్చుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. అది మన దేశపు మిల్లే, మన కార్మికులే. తలూపి రాలేదు వాళ్లు.

పాలమూరు కార్మికుడు:
అన్నా, ఆ జట్లు నాకూ నచ్చాయి. కానీ పెరిగిన ఉత్పత్తిలో వాటా ఎంతన్నది కాగితం మీద ఉండాలి. నా షరతులు రెండు: యంత్రానికి ఆర్డర్ పెట్టక ముందే కూర్చోబెట్టాలి, రేటు తగ్గినా రోజు కూలి తగ్గదని రాసివ్వాలి. ఈ రెండూ లేకుండా లెవిన్ పేరు చెప్పి మీటింగు పెడితే, మా వాళ్లను రావద్దనే అంటాను.

మిల్లు మనిషి:
రెండోది యజమాని ముందు పెడతాను. మొదటిది ఈ యంత్రానికి దాటిపోయింది, వచ్చే ఏడాది బాయిలర్ మారుస్తారట, అప్పుడు పట్టుబడతాను. రోజు కూలికి హామీ ఉన్న ఒప్పందం ఎవరి దగ్గరైనా ఉంటే, పేర్లు తీసేసి ఆ వాక్యాలు ఇక్కడ పెట్టండి.