4 జీబీ ఇస్తే బూట్‌లోనే రీబూట్ – మెమరీ హద్దుల లెక్కను ఒకచోటికి తేవడం ఎలా?

పుంతదారి (భీమవరం)
కాలేజీ ల్యాబ్‌లో పాఠం కోసం వాడే 64 బిట్ల చిన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఇది. గ్రబ్ అనే బూట్‌లోడర్ దీన్ని మల్టీబూట్ 2 పద్ధతిలో (మెమరీ పటాన్ని కూడా కెర్నెల్‌కు అందించే పద్ధతి) లేపుతుంది. క్యూఎములో (కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రాం) 128 ఎంబీ ర్యామ్ ఇచ్చినా 2 జీబీ ఇచ్చినా ఇబ్బంది లేదు. 4 జీబీ ఇస్తే పేజీ అలకేటర్ (ర్యామ్‌ను 4 కేబీ పేజీలుగా పంచే భాగం) మొదలవుతుండగానే ట్రిపుల్ ఫాల్ట్ (ఫాల్ట్‌ను సంభాళించలేక సీపీయూ చేతులెత్తేయడం) వచ్చి రీబూట్ అవుతోంది. కోడ్‌లో మొత్తం ర్యామ్, ఆఖరి అడ్రసు, 4 జీబీ లోపలి హద్దు అని మూడు గ్లోబల్ వేరియబుల్స్ ఉన్నాయి. మూడింటినీ మూడు ఫైళ్లలో లెక్కకడుతున్నారు. వాడే ర్యామ్‌ను తగ్గించే "మెమ్" బూట్ ఆప్షన్ ఇస్తే మొదటిది ఒక్కటే తగ్గుతుంది. ఏ పేజీ ఖాళీయో పేజీకో బిట్ చొప్పున గుర్తుపెట్టే బిట్‌మ్యాప్ సైజును మొత్తం ర్యామ్ నుంచి తీస్తున్నాం. విద్యార్థులు చదివి అర్థం చేసుకునేలా దీన్ని తగ్గించాలండీ. ఎక్కడ మొదలుపెట్టాలి?

శివారుకాలవ (అమలాపురం)
తప్పు బిట్‌మ్యాప్ గురించి మీరు చెప్పిన మాటలోనే ఉందండి. బిట్‌మ్యాప్ సైజును ర్యామ్ మొత్తాన్ని బట్టి కట్టి, లోపల బిట్‌ను మాత్రం అడ్రసును బట్టి వెతుకుతున్నారు. ఆ రెండూ ఒకటి కావు. ఊళ్లో ఆఖరి సర్వే నంబరు చూసి సాగు ఎన్ని ఎకరాలో చెప్పలేం కదా, మధ్యలో చెరువు, పుంత, కాలవ గట్టు ఉంటాయి.

క్యూఎము అనుకరించే "పీసీ" రకం మెషీన్‌లో 4 జీబీ ఇస్తే 3 జీబీ కింద ఉంటుంది, పైన పీసీఐ పరికరాల అడ్రసుల కోసం ఖాళీ వదిలి, మిగిలిన 1 జీబీని 4 నుంచి 5 జీబీ మధ్య పెడుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. 4 జీబీకి 10,48,576 పేజీలు, అంటే 128 కేబీ బిట్‌మ్యాప్. కానీ 5 జీబీ దాకా అడ్రసులు ఉన్నాయి, 160 కేబీ కావాలి. పై 1 జీబీని "ఖాళీ" అని గుర్తు పెట్టేటప్పుడు బిట్‌మ్యాప్ దాటి 32 కేబీ మేర సున్నాలు రాస్తారు. వెనకాలే పేజీ టేబుళ్లు (ఏ అడ్రసు ర్యామ్‌లో ఎక్కడో చెప్పే పట్టికలు) ఉంటే వాటి ఎంట్రీలు చెరిగిపోతాయి, వెంటనే పేజీ ఫాల్ట్. దాన్ని పట్టుకునే హ్యాండ్లర్ ఇంకా లేదు కాబట్టి ట్రిపుల్ ఫాల్ట్. 2 జీబీలో మధ్యన ఆ పెద్ద ఖాళీ లేదు, అందుకే బయటపడలేదు.

క్యూఎములోనే ఉన్న మరో రకం, క్యూ35 మెషీన్‌లో కూడా పరీక్షించండి. అక్కడ అదే 4 జీబీని 2 కింద, 2 పైన పెడుతుంది, ఆఖరి అడ్రసు 6 జీబీ అవుతుంది.

గట్టుమీద (తణుకు)
పై సమాధానం సరైనదే. కానీ సైజు ఒక్కటీ దిద్ది వదిలేయకండి, మళ్లీ ఇంకోచోట తేడా వస్తుంది. ఆ మూడు వేరియబుల్స్‌నీ తీసేయండి. ర్యామ్ ముక్కల పట్టిక ఒక్కటే ఉండాలి, మొదలు–చివర జంటలతో. మిగతావన్నీ దాన్నుంచి అడిగినప్పుడు లెక్కగట్టే చిన్న ఫంక్షన్లు.

పట్టిక కట్టేటప్పుడు వరుస ముఖ్యం. ముందు మల్టీబూట్ ఇచ్చిన మెమరీ పటంలోని ఎంట్రీలు చదవండి, ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లడానికి హెడర్‌లో చెప్పిన ఎంట్రీ సైజునే వాడండి, మీ స్ట్రక్ట్ సైజును కాదు. ఒకదాని మీద ఒకటి పడితే రిజర్వ్డ్ (వాడకూడదని ఉంచిన) ఎంట్రీదే నెగ్గాలి. తర్వాత పేజీ హద్దులకు కత్తిరించండి: మొదలును పైకి, చివరను కిందికి. దీన్ని తిరగేస్తే ఏమవుతుందో మీ క్యూఎములోనే కనిపిస్తుంది. మొదటి ముక్క 639 కేబీ దగ్గర ఆగుతుంది, అది 4 కేబీకి సరిగ్గా భాగం పోదు. కిందికి తెస్తే 636. పైకి జరిపితే 640, అప్పుడు బయోస్ తనకని ఉంచుకున్న ఆఖరి 1 కేబీ కూడా మీ ఖాళీ పేజీలో కలిసిపోతుంది.

"మెమ్" కోతను ఇక్కడే, పట్టిక మీదే ఒక్కసారి వేయండి. ఆ తర్వాతే కెర్నెల్ ఇమేజ్, మాడ్యూళ్లు (కెర్నెల్‌తో పాటు గ్రబ్ ఎక్కించే ఫైళ్లు), మల్టీబూట్ సమాచారం ఉన్న చోట్లను పట్టికలోంచి తీసేయండి. కోతలో మాడ్యూల్ ఉన్న చోటు కూడా పోయిందేమో చూసి, పోతే స్పష్టంగా చెప్పి ఆపేయాలి.

"చివర" అంటే ఆఖరి పేజీ కాదు, దాని తర్వాతి పేజీ నంబరు అని అన్నిచోట్లా ఒకే అర్థం పెట్టుకోండి. పేజీ నంబరును 32 బిట్ల వేరియబుల్‌లో ఉంచి 12 బిట్లు ఎడమకు జరిపితే పై బిట్లు పోతాయి, ముందే 64కి మార్చి జరపండి.

శివారుకాలవ
"మెమ్" గురించి ఒక మాట. దాని అర్థం మొదటే తేల్చుకోవాలి. లినక్స్‌లోనే ఇది ఆర్కిటెక్చర్‌ను (ప్రాసెసర్ రకాన్ని) బట్టి మారుతుంది: ఎక్స్86లో అది అడ్రసు హద్దు, ఆర్మ్64లో ర్యామ్ పరిమాణం. మీ పీసీ మెషీన్‌లో 4 జీబీ అని రాస్తే ఎక్స్86 పద్ధతిలో మిగిలేది 3 జీబీ మాత్రమే. పాఠానికి అడ్రసు హద్దే మేలని నా అభిప్రాయం, ఒక్క పోలికతో కోత అయిపోతుంది.

పుంతదారి
పట్టిక పద్ధతికి మార్చానండి. పీసీలో బిట్‌మ్యాప్ 160 కేబీ, క్యూ35లో 192 కేబీ వచ్చింది, రెండూ లేచాయి. కానీ క్యూఎము కొత్త వెర్షన్ వేసిన మెషీన్‌లో అదే ఇమేజ్ 32 ఎంబీ బిట్‌మ్యాప్ అడుగుతోంది.

గట్టుమీద
32 ఎంబీ అంటే సరిగ్గా 1 టీబీకి సరిపడే బిట్‌మ్యాప్. కొత్త క్యూఎములో 1 టీబీ కింద 12 జీబీ రిజర్వ్డ్ ఎంట్రీ కనిపిస్తుంది, అక్కడ ర్యామ్ ఏమీ లేదు. ఆఖరి పేజీని లెక్కకట్టే ఫంక్షన్ అన్ని ఎంట్రీలనూ చూస్తున్నట్టుంది. వాడదగ్గ ర్యామ్ ముక్కల చివరలనే చూడమనండి.

ఇంకోటి, పట్టికకు 32 గళ్లు అని ఎక్కడా బిగించకండి. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చినది) ఉన్న అసలు మెషీన్లలో ముక్కలు అంతకంటే ఎక్కువే వస్తాయి. 128 పెట్టి, నిండితే ఆగి చెప్పేలా రాయండి. బిట్‌మ్యాప్‌కు చోటు కూడా ఆ పట్టికలోంచే తీయాలి, అయితే బూట్ పేజీ టేబుళ్లు మ్యాప్ చేసిన పరిధి లోపలే వెతకాలి. 4 జీబీ పైన దొరికిన ముక్కను తీసుకుంటే మొదటి రాతకే మళ్లీ ఫాల్ట్.