కోర్సు ఇంగ్లిష్‌లోనే అయితే ఫ్రెంచ్ నేర్చుకోవాలా?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

అన్నలూ, అక్కలూ, సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఎంఎస్‌లో చేరబోతున్నా. కోర్సు మొత్తం ఇంగ్లిష్‌లోనే. కన్సల్టెన్సీ వాళ్లేమో ఫ్రెంచ్ అక్కర్లేదు, వెళ్లాక అదే వస్తుందంటున్నారు. మా కాలేజీ సీనియర్ మాత్రం కనీసం ఏ1 (భాషలో మొదటి మెట్టు) అయినా పూర్తి చేసి రమ్మంటున్నాడు. నాలుగు నెలల టైముంది. కోచింగ్‌కి డబ్బులు పెట్టనా, యాప్‌తో సరిపెట్టుకోనా? పేపర్ల పని అక్కడ పెద్ద తలనొప్పి అంటున్నారు, ఇక్కడినుంచే ఏమైనా సిద్ధం చేసుకోవాలా?

జవాబు (లియాన్‌లో రెండో ఏడాది)

తమ్ముడూ, క్లాసులో ఫ్రెంచ్ అక్కర్లేని మాట నిజమే. క్లాసు దాటితే అన్నీ ఫ్రెంచే. ఇంటి అగ్రిమెంటు, కరెంటు బిల్లు, బ్యాంకు ఉత్తరం, ఆస్పత్రి ఫోను, ఏదీ వదలదు. కన్సల్టెన్సీ వాళ్ల పూచీ అడ్మిషన్ లెటర్ వరకే. ఆ తర్వాత కౌంటర్ ముందు నిలబడేది నువ్వు.

నా మాట వింటే, కౌంటర్ దగ్గర పనికొచ్చే ఫ్రెంచ్ ముందు పట్టు. అంకెలతో మొదలుపెట్టు. వాళ్లు ఫోన్ నంబర్ రెండేసి అంకెల చొప్పున ఐదు జతలుగా చెబుతారు. 92ని ‘కాత్ర్ వాఁ దూజ్’ అంటారు, అంటే నాలుగు ఇరవైలూ పన్నెండూ. ‘కాత్ర్’ వినగానే నీ చెయ్యి 4 రాసేస్తుంది, ‘వాఁ’ వినగానే 20 రాస్తుంది, ఈలోపు అవతలివాళ్లు తర్వాతి జతకి వెళ్లిపోయుంటారు. 70 నుంచి 99 దాకా ఇదే గోల. ఎవరిచేతైనా నంబర్లు చదివించుకుని రోజూ పది నిమిషాలు రాయి, యాప్‌లో ఈ ప్రాక్టీసు సరిగ్గా రాదు.

తర్వాత నీ పేరు స్పెల్లింగ్. ఇంగ్లిష్ ‘జీ’ అక్కడ ‘జే’, ఇంగ్లిష్ ‘జే’ అక్కడ ‘జీ’. ఇంగ్లిష్ ‘ఈ’ పలికితే వాళ్లు ‘ఐ’ అక్షరం రాసుకుంటారు. జగదీశ్ (Jagadeesh) అనే పేరుంటే మూడూ తగులుకుంటాయి చూడు! కార్డు మీద పేరు ఒకసారి తప్పు పడిందంటే దిద్దించుకోవడానికి నెలలు.

ఇంకోటి, దుకాణమైనా బస్సైనా ఎక్కడికెళ్లినా ముందు ‘బోఁజూర్’ (నమస్కారం) అను. అది అనకుండా నేరుగా విషయంలోకి దిగితే ముఖం మాడ్చుకుంటారు. చాలామంది మనవాళ్లు దీన్ని జాత్యహంకారం అనుకుంటారు. అన్నిసార్లూ కాదు.

జవాబు (తార్నాక, ఫ్రెంచ్ టీచర్)

యాప్ పదాలు నేర్పుతుంది కానీ నోరు దిద్దదు. మన తెలుగువాళ్లకి ప్రధాన ఇబ్బంది ఏంటంటే రాసిందంతా పలుకుతాం. ఫ్రెంచ్‌లో ‘మాట్లాడు’ అనే క్రియకి నేను, నువ్వు, అతను, వాళ్లు అన్నప్పుడు రాతలో చివరలు మారతాయి కానీ నోటికి అన్నీ ‘పార్ల్’ ఒకటే. ఇది చెవితో పట్టాల్సిందే, కాబట్టి మొదటి రెండు నెలలైనా మనిషి ఎదురుగా ఉన్న క్లాసులో చేరండి. ఇక్కడ హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. బ్యాచ్‌లు ఎప్పుడు మొదలవుతాయో ముందే కనుక్కోండి, మధ్యలో చేర్చుకోరు. క్రమం తప్పకుండా వెళ్తే నాలుగు నెలల్లో ఏ1 అయిపోయి ఏ2లో కొంత దూరం వెళ్తారు. అక్కడ పార్ట్‌టైమ్ పని చేయాలనుకుంటే మాత్రం ఏ1 చాలదు, హోటల్లో గిన్నెలు కడిగే పనికైనా చెప్పింది అర్థం కావాలిగా. విద్యార్థులకి ఏడాదికి 964 గంటల దాకా పని చేసే వీలుంది. ఆ గంటలు వాడుకోవాలంటే భాష రావాలి.

సర్టిఫికెట్ తీసుకునేలా ఉంటే డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాయండి, ఆ సర్టిఫికెట్‌కి గడువు లేదు. టీసీఎఫ్ అనే ఇంకో పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది.

జవాబు (గ్రెనోబుల్ నుంచి)

పేపర్ల సంగతి నేను చెబుతా. బర్త్ సర్టిఫికెట్‌తోనే అసలు పంచాయితీ. అక్కడి హెల్త్ ఇన్సూరెన్స్‌లో పేరు నమోదుకి తల్లిదండ్రుల పేర్లున్న సర్టిఫికెట్ కావాలి, ఫ్రెంచ్‌లోకి అనువాదం కూడా. మనం ఇక్కడ పదో తరగతి మెమోతో నెట్టుకొస్తాం, అక్కడ దాన్ని ఎవరూ లెక్కచేయరు. అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా సర్టిఫికెట్ మీద వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) ఇక్కడే చేయించుకుని వెళ్లు. అనువాదం ఫ్రాన్స్ కోర్టుల జాబితాలో ఉన్న అనువాదకులతో చేయిస్తే పేచీ ఉండదు, స్కాన్ పంపితే చేసిచ్చేవాళ్లున్నారు.

ఇంటికి ‘గారాంట్’, అంటే జామీను అడుగుతారు. కూకట్‌పల్లిలో ఉన్న మామయ్య జామీను వాళ్లకి పనికిరాదు. ‘విజాల్’ అని ప్రభుత్వం గుర్తించిన ఉచిత హామీ ఉంది, 30 ఏళ్ల వయసు దాకా దొరుకుతుంది, ఇల్లు ఖాయం కాకముందే అప్లై చెయ్యి. దిగిన మూడు నెలల్లోపు వీసాను ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి, ఇది మర్చిపోతే మాత్రం గట్టి దెబ్బే.

ప్రశ్న (అడిగినతనే)

థాంక్స్ అన్నా. బర్త్ సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. నడుస్తుందా?

జవాబు (గ్రెనోబుల్ నుంచి)

నడవొచ్చు, నడవకపోవచ్చు, ఫైలు చూసే మనిషిని బట్టి ఉంటుంది. ఆ జూదం ఎందుకు? మీసేవలో కరెక్షన్‌కి పెట్టు. మెమో, పాస్‌పోర్ట్ కాపీ, అమ్మానాన్నల ఆధార్ దగ్గరుంచుకో. అది వచ్చాకే అపోస్టిల్‌కి ఇవ్వు, లేకపోతే రెండుసార్లు డబ్బులు కట్టాలి. నువ్వు వెళ్లాక ఈ పనంటే మీ నాన్నగారు ఆఫీసుల చుట్టూ తిరగాలి పాపం.

ప్రశ్న (ఒక అమ్మ)

మా అమ్మాయి కూడా వెళ్తోంది బాబూ. ఆవకాయ, నెయ్యి, కరివేపాకు పంపొచ్చా?

జవాబు (లియాన్‌లో రెండో ఏడాది)

ఆవకాయకి అడ్డు లేదు ఆంటీ, సీలు గట్టిగా వేయించండి. నెయ్యి, పాలకోవా, పచ్చళ్లలో చికెన్, మటన్ కుదరవు, బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. పొడి కొట్టి పంపండి.