దసరాకి 22 మంది భోజనం: మీ ఇళ్లలో ఎలా ప్లాన్ చేస్తారు?

కూకట్‌పల్లి కోడలు
ఈసారి దసరా భోజనం మొదటిసారి మా ఇంట్లో. రెండు బెడ్‌రూముల ఫ్లాట్, 22 మంది. అత్తమ్మవాళ్లది కరీంనగర్. దసరా అంటే బగారన్నం, మటన్ ఉండాల్సిందే. మా పుట్టిల్లు తెనాలి. అమ్మ నీచు ముట్టదు, గిన్నెలు కూడా వేరే ఉండాలి. వంట చేసేస్తాను, దాని గురించి భయం లేదు. కానీ ఇలాంటప్పుడు అమ్మ ఎవరికీ ఇబ్బంది కాకూడదని పళ్లెం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. అది చూస్తే నాకు ముద్ద దిగదు. ఎవరైనా దీనికి దారి కనిపెట్టారా?

వనస్థలిపురం వదిన
ముందు వంటల పేర్లు తేల్చుకోండి! మేం ఎవరు ఏం తేవాలో వాట్సాప్ గ్రూపులో రాసుకున్నాం. మా పెద్దత్త భక్షాలు అని రాసింది, పిన్ని బొబ్బట్లు అని రాసింది. రెండు రకాల స్వీట్లు వస్తున్నాయని పిల్లలు కూడా సంబరపడ్డారు. తీరా డబ్బాలు తెరిస్తే రెండూ అవే! లెక్కపెడితే 90. అంతటితో ఆగలేదు, ఒకరు పుంటికూర పచ్చడి, ఇంకొకరు గోంగూర పచ్చడి పట్టుకొచ్చారు. పెద్దత్త, పిన్ని ఒకరివి ఒకరు రుచి చూసి, "నీది మెత్తగుంది", "మీ పూర్ణం బాగా కుదిరింది" అనుకుంటూ సాయంత్రం దాకా కబుర్లలోనే ఉన్నారు. ఇప్పుడు మా లిస్టులో ప్రతి వంటకీ రెండు ఊళ్ల పేర్లూ రాస్తున్నాం.

మలక్‌పేట తమ్ముడు
మటన్ ఎవరు తేవాలో ఒక్కరికే అప్పజెప్పండి. 2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబరు 2నే వచ్చాయి కదా. ఆ రోజు మాంసం దుకాణాలు బంద్. దాంతో ముందురోజే మా ముగ్గురు బాబాయిలూ ఒకరికి తెలియకుండా ఒకరు తలా 3 కిలోలు తెచ్చారు. ఇంట్లో ఉన్నది 18 మందిమి! ఫ్రిజ్‌లోంచి పాలు, పూలు అన్నీ బయటికొచ్చాయి. పక్కింటివాళ్ల ఫ్రిజ్ కూడా నింపాం. వాళ్లనీ భోజనానికి పిలిచాం, పిలవకపోతే బాగుంటుందా?

నల్లకుంట నుంచి
సద్దుల బతుకమ్మ అయిన ఒకటి రెండు రోజులకే దసరా. అప్పటికే పూలు పేర్చి, సద్దులు కలిపి ఆడవాళ్లు అలసిపోయి ఉంటారు. దయచేసి గారెల పని మగవాళ్లకి ఇవ్వండి. పప్పు నానబెట్టడం, గట్టిగా రుబ్బడం, వేయించడం అన్నీ. మా ఆయన గారెలకి చిల్లు సరిగా రాదు, అయినా ఒక్కటీ మిగలదు.

సైనిక్‌పురి అక్క
కోడలమ్మా, మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. మేం రెండు బంతులు పెడతాం. మొదటి బంతి పూర్తిగా శాకాహారం: పప్పు, పులిహోర, గారెలు, చారు, పెరుగు. విస్తరాకుల్లో వడ్డిస్తాం కాబట్టి కంచాల గొడవ లేదు. ఆ వంట తెల్లవారుజామునే వేరే గిన్నెల్లో అయిపోతుంది. ఆ తర్వాతే మటన్ పొయ్యి ఎక్కుతుంది. ముఖ్యమైన సంగతి, మొదటి బంతిలో మాంసం తినేవాళ్లు కూడా కొందరు కూర్చోవాలి. మా మామగారు ఏటా అమ్మ పక్కనే కూర్చుని పప్పన్నం తింటారు, గంటాగి రెండో బంతిలో మళ్లీ కూర్చుంటారు. అమ్మే దగ్గరుండి ఆయనకి బగారన్నం వడ్డిస్తుంది.

కూకట్‌పల్లి కోడలు
అక్కా, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడే మా మామయ్యకి చదివి వినిపించాను. "మొదటి బంతిల మీ అమ్మతోని నేను కూసుంట బిడ్డా. గారెలు రెండే తింట, మటన్‌కు జాగ ఉంచుకోవాలె" అన్నారు. విస్తరాకులు 50 తెస్తున్నాను.