వినికిడి తగ్గిన స్నేహితుడితో రోజూ కబుర్లు చెప్పుకునే దారేదైనా ఉందా?

నమస్కారమండీ. నాకు డెబ్బై దాటాయి, సికింద్రాబాదులో ఉంటాను. విశాఖలో ఉన్న నా చిన్ననాటి స్నేహితుడికి ఈమధ్య వినికిడి బాగా తగ్గింది. మిషన్ పెట్టుకుంటాడు గానీ, ఫోను చెవికి ఆనించగానే అది కుయ్‌మని మోగుతుంది. "ఆఁ... ఆఁ... సరేరా" అని పెట్టేస్తాడు. వినపడనిదానికి కూడా సరే అంటున్నాడు, నాకు తెలిసిపోతోంది. పోయినేడు వాళ్లావిడ కాలం చేశారు. మాట్లాడే మనిషి లేక కుంగిపోతాడేమోనని నా భయం.

తరచూ వెళ్దామంటే జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో పగలంతా కూర్చోవాలి, నడుము ఒప్పుకోదు. సీనియర్ సిటిజన్ల రాయితీ కూడా 2020 మార్చిలోనే ఆగిపోయింది.

ప్రస్తుతానికి ఫోనులో టైపు చేసే జీబోర్డు కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడి, పడిన అక్షరాలు వాట్సాప్‌లో పంపుతున్నాను. వాడు చదువుకుని వాయిస్ మెసేజ్ పెడతాడు. బాగానే ఉంది, కానీ మాటకు మాట అందుకోవడం, మధ్యలో తగువు పెట్టుకోవడం కుదరట్లేదు. మా స్నేహమంతా అందులోనే ఉంది మరి.

బ్లూటూత్ ఉన్న వినికిడి మిషన్ అయితే ఫోను మాట నేరుగా చెవిలోకి వస్తుందట. మీ ఇళ్లలో పెద్దవాళ్లెవరైనా వాడుతున్నారా? ఆ కుయ్‌మనే మోత తగ్గిందా? ఛార్జింగ్, ఫోనుతో జత చేయడం లాంటివి ఒంటరిగా ఉండే మనిషి చేసుకోగలడా? దయచేసి చెప్పండి.